కుండ మీద పొయ్యి

లోహిత దేశపు రాజధాని కాంస్యపురి ఎంత గొప్పదో చెప్పాలంటే ముందు దాని కొలుముల వీధి గురించి చెప్పాలి. పొద్దు పొడిచేసరికి మూడువందల మేకతోలు తిత్తులు ఒక్కసారిగా ఊపిరి పీలుస్తాయి. మూడువందల కొలుములు ఎర్రగా కళ్లు తెరుస్తాయి. రాగి బానలు, ఇత్తడి గంగాళాలు, ఏనుగుల మెడలో కట్టే కంచు గంటలు ఎండకు ధగధగలాడతాయి. నాలుగు దిక్కుల నుంచీ వచ్చిన బేహారులు ఆ వీధి మొదట్లో ఒంటెలు దిగి నోరు వెళ్లబెట్టి నిలబడతారు. అంతటి వీధి అది. ఆ ఉదయం మాత్రం ఆ వీధిలో ఒక్క మనిషి లేడు. తిత్తులున్నాయి, సుత్తులున్నాయి, మెలితిప్పిన మీసాలు మూడువందల జతలున్నాయి. మనిషి మాత్రం లేడు.

కంచరి కొమ్మక్క చేతిలో ఖాళీ కుంపటి పట్టుకుని గడపగడపా తిరుగుతోంది. ముప్పై ఏళ్ల మనిషి, నల్లగా, ఎత్తుగా ఉంటుంది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. వీపున గడ్డిలో చుట్టిన మూట ఒకటి. కాంస్యపురిలో తరతరాలుగా ఒక కట్టుబాటుంది: ఖాళీ కుంపటితో వచ్చి నిప్పడిగిన వాళ్లకు లేదనకూడదు. పగవాడైనా సరే, రెండు నిప్పు కణికలు వేసి పంపాలి. లేదన్నవాడి కొలిమి మూడు తరాలు వెలగదని నమ్మకం. అలాంటి వీధిలో కొమ్మక్క పదిహేడు గడపలెక్కి దిగింది. పదిహేడు తలుపులూ ముఖాన పడ్డాయి.

పద్దెనిమిదోది వీధిపెద్ద తిప్పయది. కొమ్మక్క తండ్రి బొమ్మయకు చిన్ననాటి చెలికాడు, ఆమెను భుజాలమీద మోసిన మనిషి.

"తిప్పయ మావా, నిప్పు!"

తిప్పయ తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రమే చూపించాడు. "నన్నడక్కే కొమ్మీ. సప్తజిహ్వుల వారి ఆన. నీకు నిప్పేసిన చెయ్యి నరికేస్తారంట."

"మద్దేనం నగారా మోగేలోగా ఎనిమిదో లోహం రాజుగారి అరచేతిలో పెట్టకపోతే మా నాయన్ని కరిగిన రాగిలో దించుతారు. నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసే తల్లీ."

"తెలిసే తలుపేస్తున్నావా? గంట పోతపొయ్యడానికి మన్ను పిసకడం నీకు నేర్పిందెవరు? మా నాయన కాదూ? ఆ చెయ్యి మిగుల్చుకుని ఏం చేస్తావు మావా, అన్నం తింటావా?"

తిప్పయ కన్ను నేలకు వాలింది. తలుపు మూసుకుంది. కొమ్మక్క ఆ గడప మీద తుపుక్కున ఉమ్మింది. నేనైతే తలుపే తన్నేవాణ్ని.

ఇంతకూ బొమ్మయ చేసిన నేరమేమిటి? దోపిడీయా, హత్యా? కాదు. ఒక ప్రశ్న అడిగాడు.

లోహిత దేశంలో లోహాలు ఏడే. బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం, పాదరసం. ఏడింటికి ఏడు అగ్నిగుండాలు, ఏడు గుండాలకూ కలిపి ఒక మహామాంత్రికుడు, సప్తజిహ్వుడు. ఎనిమిదోది ఉందన్నవాడు దేవద్రోహి. మరి ఇత్తడి సంగతేమిటంటారా? రాగిని పసుపురాయి పొడితో కలిపి కాలిస్తే ఇత్తడవుతుంది. ఆ రాయి రాగికి రంగు మాత్రమే వేస్తుందని సప్తజిహ్వుడి మాట. బొమ్మయ నిండు కొలువులో లేచి, "ఏలినవారూ, బట్టకు రంగేస్తే బట్ట బరువెక్కుద్దా?" అని అడిగాడు. "నేను పది వీశెల రాగి వేశాను. పదమూడు వీశెల ఇత్తడి వచ్చింది. మిగతా మూడు వీశెలూ ఎక్కణ్ణించొచ్చాయి? ఆ రాయిలో ఎవడో దొంగ దాక్కున్నాడు మహాప్రభో. ఇరవై ఏళ్లుగా ఎతుకుతున్నా."

అంతే. తక్కెడలో తూచి చెప్పిన పాపానికి సంకెళ్లు పడ్డాయి, ఆ దొంగను చూపించడానికి గడువు పడింది.

ఇరవై ఏళ్లూ ఆ దొంగను బొమ్మయ లోహం కరిగించే మట్టిపాత్ర, మూస అడుగున వెతికాడు. రాగి వెయ్యకుండా రాయిని బొగ్గుతో ఎన్నిసార్లు కాల్చినా అడుగున మసి తప్ప ఏమీ మిగలదు. దొంగ పైనుంచి పోతున్నాడని కనిపెట్టింది కొమ్మక్క. మూత సందులోంచి నీలం, ఆకుపచ్చ కలిసిన మంట నాలుక చాపడం ఆమె చూసింది. తరువాత చూరుకు తెల్లని నూగు అంటుకోవడం చూసింది. లోహం ఆవిరై పైకి లేస్తోంది, గాలి తగలగానే మండి బూడిదవుతోంది. మూత బిగిస్తే మూస పగిలింది. చివరికి ఆమె లోకమంతా చేసే పనిని తిరగేసింది. కుండను బోర్లించి దాని మీద నిప్పు పెట్టింది, మూతి కింద నీళ్లు పెట్టింది. పైన మంట, కింద చల్లదనం. ఇక దొంగ ఎటు పోతాడు? ఆముదం గింజంత లోహం నీళ్లలో టప్పున పడింది. అది పడిన గడియకే సప్తజిహ్వుడి మనుషులు ఇంటి మీద పడ్డారు. పొయ్యి కూల్చారు, గింజను ఎత్తుకుపోయారు, రాళ్ల బస్తాలన్నీ బండికెక్కించారు. ఇది జరిగి మూడు రోజులైంది. ఆ రోజు నుంచి దాక్కుని తిరుగుతున్న కొమ్మక్కకు మిగిలినవి వీపున ఉన్న మూటలోని రెండు వంకాయ మూసలు, ఒక చిల్లు పెంకు. వంకాయ ఆకారంలో మట్టితో చేసిన సన్నమూతి కుండలే వంకాయ మూసలు.

"అదిగో! బొమ్మయ కూతురు! పట్టుకోండ్రా!"

వీధి మొదట్లో ఈటెలు మెరిశాయి. కొమ్మక్క వెనుదిరిగి చూడలేదు. బొగ్గుల గుట్ట ఎక్కి, అక్కడి నుంచి పెంకుటింటి కప్పు మీదికి, కప్పు నుంచి కప్పుకు దూకింది. ఒక ఈటె చెవి పక్కనుంచి రివ్వున పోయింది. మరొకటి చీర కుచ్చెళ్లను దూలానికి దిగ్గొట్టింది. ఆమె కుచ్చెళ్లు చింపుకుని పరుగెత్తింది. వీధి అయిపోయింది, ముందు ఎత్తైన ప్రాకారం. అది సప్తజిహ్వుడి సప్తగుండాల గుడి. నక్క వెంటపడితే నక్క గుహలోకే దూరడం మేలనుకుని, గోడ మీదికి ఎగబాకి అవతల దూకింది.

గుడి లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. నల్లరాతి స్తంభాలకు రాగి తీగలు అల్లిన లతలు, లతలకు కెంపుల పూలు. ఏడు గుండాలు ఏడు పడగల ఆకారంలో ఉన్నాయి. నడిమి గుండం ముందు సప్తజిహ్వుడి శిష్యుడొకడు నిలబడి ఏదో పొడిని దోసిళ్లతో మంటలో చల్లాడు. మంట భుగ్గుమని లేచింది. దాని రంగు నీలం, ఆకుపచ్చ.

"అమ్మవారు! అమ్మవారు!" అని జనం నేలకు ఒరిగారు. పైనుంచి తెల్లటి నూగు జలజల రాలింది. ఆడవాళ్లు కొంగులు పట్టారు, ముసలివాళ్లు నాలుక చాపారు. అది అమ్మవారి ప్రసాదమట. ప్రతి ఇంట్లో దేవుడి గూట్లో పొట్లం కట్టి దాచుకునే తెల్లబూడిద.

కొమ్మక్క స్తంభం చాటున రాయిలా నిలబడిపోయింది. ఆ మంటను ఆమె ఎరుగును. ఆ నూగును ఎరుగును. తమ ఇంట్లో దోచిన పసుపురాయే బొగ్గుపొడితో కలిసి ఆ గుండంలో పడుతోంది!

"ఓరి సప్తజిహ్వా, నీ జిమ్మడ!" అంది పళ్ల బిగువున. "ఎనిమిదోది లేదంటావు. నలబయ్యేళ్ల నించి రోజూ మూడు పూటలా దాన్నే తగలబెడుతున్నావు గదరా! దాని బూడిద మా చేత నాకిస్తూ, దాని పేరెత్తినందుకు మా నాయన్ని చంపుతావా?"

కోపంలో కొందరికి కళ్లు మూసుకుపోతాయి. కొమ్మక్కకు తెరుచుకున్నాయి. రాయి పోయిందని కదా ఏడుస్తోంది! ఇదంతా కాలిపోయిన లోహమే. ఇనపరాతిలోంచి ఇనుమును లాగేది బొగ్గు. కాలిపోయిన ఈ దొంగను కూడా ఆ బొగ్గే ఎందుకు లాక్కురాదు?

గుండం మీది పొగగూడులో బూడిద మోకాలి లోతు పేరుకుని ఉంటుంది. కొమ్మక్క రాగి లతలు పట్టుకుని పైకి ఎగబాకింది, గూటిలోకి దూరింది. దూరగానే తెలిసింది, అక్కడ తాను ఒక్కతే లేదని. బూడిద గుట్ట కదిలింది. రెండు నిప్పు కళ్లు విచ్చుకున్నాయి. సప్తజిహ్వుడు కణికలు మేపి పెంచిన ఉడుము అది! తాటిదూలమంత ఒళ్లు, బుసకొడితే నిప్పురవ్వలు. అది నాలుక విసిరింది. కొమ్మక్క చేతిలో కుంపటి ఎగిరి గోడకు తగిలింది. రెండోసారి నోరు తెరిచేలోగా ఆమె రెండు చేతులా బూడిద ఎత్తి దాని గొంతులోకీ కళ్లలోకీ కొట్టింది. ఉడుముకు ఉక్కిరిబిక్కిరైంది. దగ్గు మొదలైంది. ఒక్కో దగ్గుకు ఒక్కో ఇటుక రాలుతోంది. కొమ్మక్క కొంగు నిండా బూడిద మూటకట్టి, కుంపటి చంకన పెట్టి, ఆ దగ్గుతున్న మృగం వీపు మీది నుంచే జారి గుడి వంటశాల పెరట్లో పడింది.

వంటవాళ్లంతా బయట అమ్మవారి మంట చూస్తున్నారు. బొగ్గు అక్కడే ఉంది, బెల్లం అక్కడే ఉంది. బూడిదకు బొగ్గుపొడి కలిపి, బెల్లం నీళ్లతో పిసికి, లడ్డూల్లా ఉండలు చుట్టి, కాలుతున్న పొయ్యి గోడ మీద ఆరబెట్టింది. ఒక మూసలో ఉండలు నింపింది. రెండోది ఖాళీగానే ఉంచింది, ఎందుకైనా మంచిదని. మిగిలిన బూడిదలో కొంత నెత్తి నుంచి పాదాల దాకా పూసుకుంది. ఇప్పుడు కన్నతండ్రి కూడా ఆమెను గుర్తుపట్టడు. అమ్మవారి బూడిద భక్తురాళ్లు వందలమంది ఆ వేషంలోనే తిరుగుతుంటారు. వాళ్ల గుంపు ఒకటి భజన చేసుకుంటూ కోటకు పోతోంది, దేవద్రోహి చావు చూడటానికి. కొమ్మక్క వాళ్లతో గొంతు కలిపి కోట వాకిలి దాటింది. ఈటెల వాళ్లు ఆమెకు చేతులెత్తి మొక్కారు కూడా.

కోట ముంగిట్లో కనిపించిన దృశ్యం చెప్పడానికి నా నోరు రావడం లేదు. ఏనుగు పట్టే కొప్పెర. దాని నిండా కుతకుతలాడే రాగి. కింద తాటి మొద్దులంత నిప్పు. పైన గొలుసుకు వేలాడే ఇనపబోను, బోనులో అరవై ఏళ్ల బొమ్మయ. వేడికి గడ్డం చివరలు కమిలిపోయాయి. రత్నకంబళం మీద, నెమలి ఈకల గొడుగు కింద, మహారాజు చండకేతుడు తాంబూలం నములుతున్నాడు. పక్కన ఏడు రంగుల జడలతో సప్తజిహ్వుడు. ఎదురుగా మూడువందల మంది కంచరులు, వీధి ఆచారం ప్రకారం సుత్తి భుజాన పెట్టుకుని వచ్చి, తల దించుకుని కూర్చున్నారు. నగారాకు ఇంకా జాము పొద్దుంది.

కొమ్మక్క గుంపును చీల్చుకుని ముందుకు నడిచింది. ఖాళీ కుంపటిని రాజు కాళ్ల ముందు ఠపీమని పెట్టింది.

"మహాప్రభో, నిప్పు!"

"ఎవతివే నువ్వు?"

"కంచరి బొమ్మయ కూతుర్ని. ఎనిమిదో లోహం తియ్యడానికొచ్చా. నిప్పు లేదని మీరూ అంటే చెప్పండి, పోతా. మూడు తరాలు ఆరేది ఎవరి పొయ్యో మీకే తెలుసు."

చండకేతుడు నములుతున్న తాంబూలం ఆపాడు. మూడు తరాలంటే కొడుకు, మనవడు, మునిమనవడు. రాజులకు ప్రజల మాట పట్టదు కానీ శాపాలు బాగా పడతాయి. "ఆ కొప్పెర కిందివే ఇవ్వండి" అన్నాడు.

తండ్రిని కాల్చడానికి పెట్టిన నిప్పును కూతురు కుంపటికెత్తుకుంది. బోనులోంచి బొమ్మయ కళ్లు చికిలించి చూశాడు. "కొమ్మీ, నువ్వేనా? పారిపొమ్మని కదే కబురంపాను!"

"నోర్ముయ్ నాయనా, పన్లో ఉన్నా" అంది కొమ్మక్క. కొప్పెర పక్కనున్న ఇటుకలు మూడు లాక్కుంది.

మూడు ఇటుకల మీద చిల్లు పెంకు పెట్టింది. ఉండలు నింపిన మూస మూతిలో ఈతపుల్ల గుచ్చింది, బోర్లిస్తే ఉండలు జారకుండా. బోర్లించి మూతిని చిల్లులోంచి కిందికి దింపింది, సందులు బంకమట్టితో మెత్తింది. మూతి కింద నీళ్ల పళ్లెం పెట్టి, మూస చుట్టూ పైనా కణికలు పేర్చింది. చూస్తున్నవాళ్లు ఫక్కున నవ్వారు.

"పిచ్చిదానా! కుండ మీద పొయ్యి పెట్టేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాం" అన్నాడు సప్తజిహ్వుడు. "ఇది చావు ఇంటి పని. బోర్లించిన కుండ అశుభం మహారాజా."

"శుభంగా నిలబెట్టి నలబయ్యేళ్లు ఏం పీకావో చూద్దాం, ఆగు" అంది కొమ్మక్క, కొప్పెర దగ్గరి తిత్తి అందుకుని ఊదుతూ.

గడియ గడిచింది. రెండు గడిచాయి. ఈతపుల్ల లోపల కాలి, దారి ఇచ్చింది. మూతి దగ్గర నీలి మంట చిన్నగా తొంగి చూసి ఆరింది. మూడో గడియలో టప్పుమంది. మళ్లీ టప్. ఆ తర్వాత వాన చినుకుల్లా టపటపా. కొమ్మక్క పళ్లెంలో చెయ్యి పెట్టి, గోలీలంత ముద్దలు నాలుగు తీసి చండకేతుడి అరచేతిలో పోసింది. నీలం డాలు కొట్టే తెల్లటి లోహం. ఈనాడు మనం తుత్తునాగమని పిలిచేది అదే.

"తగరం!" అని అరిచాడు సప్తజిహ్వుడు. "తగరం దాచి తెచ్చింది!"

రాజు తిప్పయను పిలిచి పరీక్షించమన్నాడు. తిప్పయ ఒక ముద్దను గుడ్డకేసి రుద్దాడు, మరక పడలేదు, కాబట్టి సీసం కాదు. ముంగిట్లో ఉన్న ఇనపదిమ్మ, దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. తగరమైతే అప్పడంలా సాగాలి. ఇది పెళుక్కున చిట్లింది. తిప్పయ సప్తజిహ్వుడి వైపు ఒకసారి చూశాడు, బోను వైపు ఒకసారి చూశాడు.

"ఏడిట్లో ఏదీ కాదు మహాప్రభో. ఇది ఎనిమిదోది."

ముంగిలంతా హోరెత్తింది. కానీ సప్తజిహ్వుడు సామాన్యుడా? పడ్డా పైచెయ్యి నాదే అనే రకం. కొమ్మక్క ఒంటి మీది బూడిదను, ఆమె కొంగులో మిగిలిన బూడిదను అప్పుడే చూశాడు. రెండు చేతులూ ఆకాశానికెత్తాడు.

"అమ్మా! నీ లీల! చూశారా జనులారా, ఈ లోహం ఎందులోంచి వచ్చిందో! మన గుడి ప్రసాదంలోంచి! అమ్మవారు నా బూడిదను లోహంగా మార్చింది!"

అంతే, వెయ్యి మంది ఒక్కసారిగా వాడి కాళ్ల మీద పడ్డారు. బూడిద భక్తురాళ్లు పూనకాలు పోయారు. నిన్నటిదాకా లేని లోహం ఇవ్వాళ వాడి సొంతమైపోయింది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? తీసింది ఆమె, మొక్కులు వాడికి!

"లోహం రాతిలో ఉందన్నాడు బొమ్మయ. ఇది ప్రసాదంలోంచి వచ్చింది. కనుక వాడి మాట అబద్ధం" అని తేల్చేశాడు చండకేతుడు. "బోను దించండి."

గొలుసు కిర్రుమంది. బోను మూర దిగింది. బొమ్మయ పాదాలు పైకి ముడుచుకున్నాడు.

"ఆపండెహే!" కొమ్మక్క గొంతుకు గొలుసు లాగేవాళ్ల చేతులు ఆగిపోయాయి. రెండో మూసను సప్తజిహ్వుడి ఒళ్లో పడేసింది. "నీ ప్రసాదమే అయితే నీ చేత్తో తియ్యి. మూస నాది, పొయ్యి అదే, బూడిద నీది. ఒక్క చుక్క రాల్చు, మా నాయన పక్కన నేనూ దూకుతా. రాల్చలేకపోతే ఆ బోను దిగడానికి వీల్లేదు. ఏం మహాప్రభో, న్యాయమేనా?"

జనం చూస్తుండగా కాదనడం రాజుకు కుదరలేదు. సప్తజిహ్వుడికి అంతకన్నా కుదరలేదు. ఆమె చేసినవన్నీ వాడు కళ్లారా చూశాడు: పుల్ల, పెంకు, మట్టి, బోర్లించడం. అన్నీ అలాగే చేశాడు. మూస మూతిలోంచి కనిపించిన ఉండలు నల్లగా ఎందుకున్నాయో మాత్రం వాడికి తట్టలేదు. తట్టినా పవిత్రమైన తెల్లబూడిదలో నల్లబొగ్గు కలపడం వాళ్ల గుడిలో మహామైల. ఒట్టి బూడిదనే కూరి, ఏడుగురు దేవతల పేర్లూ చదివి, నిప్పు పెట్టాడు.

రెండు గడియలు గడిచాయి. పళ్లెంలో నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. నగారావాడు కర్ర ఎత్తి రాజు వైపు చూస్తున్నాడు. రాజు ఆగమన్నాడు. ఇంకో గడియ. వాడి ఏడు రంగుల జడల కింద చెమట కారింది. కొమ్మక్క సుత్తి అందుకుని ఆ మూసను పగలగొట్టింది. తెల్లగా పోసిన బూడిద తెల్లగానే బయటపడింది.

"ఏదిరా నీ అమ్మవారు?" అంది. "తగలబెట్టడం నీకు తెలుసు. తిరిగి తేవడం మాకు తెలుసు. ఇది ప్రసాదం కాదు, కాలిపోయిన లోహం. మా రాతిలో ఉన్నదే!"

మొదట ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుకు సప్తజిహ్వుడు ముడుచుకుపోయాడు. చండకేతుడు బోను పక్కకు లాగించి, తలుపు తీయించాడు. బొమ్మయ నేల మీద కాలు పెట్టి కూతురి భుజం పట్టుకున్నాడు. కథ ఇక్కడ ఆగితే ఎంత బావుండేది!

కానీ సప్తజిహ్వుడు పాములాంటివాడు, కోర పీకినా బుస మిగిలే ఉంది. రాజు చెవిలో గుసగుసలాడాడు. రాజు కళ్లు మెరిశాయి. పొరుగు రాజ్యాలన్నీ ఇత్తడి కోసం లోహిత దేశం ముందు చెయ్యి చాస్తున్నాయి. ఈ లోహం కీలకం తన ఒక్కడి గుప్పిట్లో ఉంటే?

"బొమ్మయా, నీకు ప్రాణదానం చేశాం. నువ్వూ నీ కూతురూ ఇకనుంచి కోట నేలమాళిగలో మా కోసం ఈ లోహం తీస్తారు. బతికున్నంత కాలం. కీలకం మూడో మనిషికి తెలియడానికి వీల్లేదు" అన్నాడు.

బొమ్మయ కూతురి భుజం వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "నేనడిగింది చిన్న ప్రశ్న గదయ్యా! జవాబు తెలిస్తే వీధంతా బతుకుద్దని ఇరవయ్యేళ్లు పొగ మింగాను. జవాబొచ్చాక దాన్ని గొయ్యిలో పెడతావా? కొమ్మీ! చెప్పెయ్యవే!"

"పట్టుకోండి దాన్ని!" అని అరిచాడు రాజు. భటులు ఉరికారు. కొమ్మక్క పొయ్యి మీది కణికలు వాళ్ల మీదికి తన్ని, కొప్పెర అరుగు మీదికి ఎగిరి, గొంతు చించుకుని అరిచింది.

"వినండిరా కంచరుల్లారా! పసుపురాయి దంచి కాల్చండి! బొగ్గుపొడి కలపండి, బెల్లంతో ఉండలు చుట్టండి! వంకాయ మూసలో నింపి, పుల్ల గుచ్చి, బోర్లించండి! పైన నిప్పు, కింద నీళ్లు! కీలకం అంతే! ఇందులో మంత్రం లేదు, వల్లకాడూ లేదు!"

చండకేతుడి ముఖం రాగి రంగుకు తిరిగింది.

"కోట తలుపులు మూయండి! విన్నవాడు ఒక్కడు బయటికి పోకూడదు! బురుజుల మీద విలుకాళ్లు!"

ఏనుగులు తోస్తే గానీ కదలని తలుపులు ధడాలున మూతపడ్డాయి. మూడువందల మంది కంచరులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తెల్లారి తలుపేసుకున్న తిప్పయ అప్పుడు లేచాడు. సుత్తి దాగలి మీద వేశాడు, ఖణేల్మంది. కొలుముల వీధిలో పని నేర్పేది పాటతోనే. ఒకడు అందిస్తాడు, వీధంతా అందుకుంటుంది.

"పసుపురాయి దంచి కాల్చు!" అని ఎత్తుకున్నాడు తిప్పయ.

"ఊదరో తిత్తి!" అన్నాయి మూడువందల గొంతులు. మూడువందల సుత్తులు రాతి నేల మీద పడ్డాయి.

"బొగ్గు కలిపి ఉండ చుట్టు!"

"ఊదరో తిత్తి!"

"మూస నింపి పుల్ల గుచ్చు!"

ఈసారి "ఊదరో తిత్తి" లోపలి నుంచి మాత్రమే రాలేదు. గోడ అవతలి నుంచీ వచ్చింది. ఆడవాళ్ల గొంతులు, చావు చూడటానికి వచ్చి బయట నిలిచిపోయిన జనం గొంతులు. కంచరుల పెళ్లాలు, తల్లులు పాటను మాటమాటా తిరిగి చెప్పుకుంటున్నారు. ఆ పాట వీధి వెంట దూరంగా పోతూ పోతూ కూడా వినిపిస్తూనే ఉంది.

చండకేతుడు గోడ వైపు తిరిగి నిలువునా కొయ్యబారిపోయాడు.

"కోట తలుపులు మూశారు, బాగుంది" అన్నాడు బొమ్మయ. "ఇప్పుడు ఊరి నోరు ముయ్యండి ఏలినవారూ, చూస్తాం!"

రాజు చెయ్యి పైకి లేచింది. బురుజుల మీద రెండువందల విల్లులు వంగాయి. కొమ్మక్క తండ్రిని దాగలి చాటుకు తోసి, తిప్పయ పక్కకు ఒక్క దూకు దూకింది. నాలుగో చరణం ఎత్తుకుంది.

"బోర్లించి నిప్పు పెట్టు!"